నా కూత వినని మనిషి

నేను ఒక బూరా హారన్ని. మూడు చుట్లు తిరిగిన ఇత్తడి గొట్టం, ఒక చివర విచ్చుకున్న నోరు, రెండో చివర పిడికిట్లో పట్టేంత నల్ల రబ్బరు బుడ్డి. అదే నా ఒడ్డూ పొడుగూ. ఒకప్పుడు బుడ్డి నొక్కితే ఊరవతలి గేదె కూడా తల తిప్పి చూసేది. ఇప్పుడు రబ్బరు చిరిగిపోయి, పాత ఇనప సామాను కొట్లో మేకుకి వేలాడుతున్నాను. కొట్టుకి వచ్చిన ప్రతివాడూ నన్ను ఒకసారి నొక్కి చూస్తాడు. 'ఫుస్సు'మని గాలి తప్ప ఏమీ రాదు. నవ్వుకుని వెళ్ళిపోతాడు. మనుషులకి పని ఉన్నా లేకపోయినా హారన్ కనిపిస్తే నొక్కకుండా ఉండలేరు. ఆ బలహీనత మీదే మా జాతి ఇంతకాలం బతికింది.

నేను కంచరి వీధిలో పుట్టాను. నన్ను చేసిన ముసలాయన పేరు బ్రహ్మయ్య. ఇత్తడి రేకుని సాగగొట్టి, గొట్టంగా చుట్టి, సీసం పోసి వంచి, మళ్ళీ సీసం కరిగించి తీసేసి, నునుపు చేసి, చివరికి రబ్బరు బుడ్డి తగిలించకముందే తన నోటితో ఊది చూశాడు. అలా ఊదడం ఆయన అలవాటు. ఏ హారన్ అయినా మొదటి కూత మనిషి ఊపిరితోనే కూయాలనేవాడు. నా గొంతు విని తృప్తిగా తలూపి, తుండుగుడ్డతో మూతి తుడుచుకున్నాడు. మెచ్చుకోలంటే అంతే.

మొదట నన్ను ఒక కలప లారీకి బిగించారు. నేను కూస్తే జనం రోడ్డు మీద నుంచి పక్కకి పరిగెత్తేవారు. కొన్నేళ్ళకి ఆ లారీ ముక్కలైపోయి, నేను ఒక ఐసు బండికి చేరాను. అప్పుడు నేను కూస్తే జనం ఇళ్ళలోంచి నా వైపు పరిగెత్తుకొచ్చేవారు. గొంతు అదే, కూత అదే. కూత వెనక ఏ బండి వస్తోందో చూసుకుని భయపడడమో మురిసిపోవడమో మనుషులే తేల్చుకుంటారు, మంచిపేరో చెడ్డపేరో మాత్రం నాకు పెడతారు. ఐసు బండాయన కాలం చేశాక వాళ్ళబ్బాయి నన్ను నూకరాజు మెకానిక్ షెడ్డులో ఒక బోల్టుల డబ్బాకి మారకం ఇచ్చేశాడు. తవిటినాయుడు నన్ను చూసింది అక్కడే.

తవిటినాయుడు జూటు మిల్లులో మగ్గాల మీద పనిచేసిన మనిషి. మిల్లు మూతపడ్డాక పాత జీపు ఒకటి కొని, చుట్టుపక్కల ఊళ్ళలో కూరగాయలు ఎత్తి విజయనగరం బజారుకి తెచ్చేవాడు. బస్తాలు ఎత్తేది ఆయన, బేరం చేసేది ఆయన భార్య అసిరమ్మ. ఇద్దరూ కలిసే వెళ్ళేవారు, కలిసే వచ్చేవారు. ఆమె కూడా ఆ మిల్లులోనే గోనె సంచులు కుట్టిన మనిషి.

ఆ మిల్లు గురించి కొంచెం చెప్పాలి. మగ్గాల షెడ్డులో వందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినపడదట. అందుకని అక్కడివాళ్ళు పెదవులు చూసి మాట పట్టడం నేర్చుకున్నారు. వేళ్ళతో సైగలు చేసుకునేవారు. వెనక నుంచి పిలవాలంటే భుజం తట్టేవారు. తవిటినాయుడు అసిరమ్మని పెళ్ళాడతావా అని అడిగింది కూడా సంచుల షెడ్డు గుమ్మంలో నిలబడి సైగలతోనే. 'మా అయ్యనడుగు' అని ఆమె పెదవులు కదిపితే అంత దూరం నుంచీ పట్టేశాడు. ఈ కథ అసిరమ్మ జీపు తుడుస్తూ నలుగురికీ చెప్పుకుంటుంటే విన్నాను. చెప్పిన ప్రతిసారీ సిగ్గుపడేది.

ఆ మగ్గాలు కూలికి కూలి ఇచ్చాయి, పోతూ పోతూ ఆయన చెవులు పట్టుకుపోయాయి. మెల్లమెల్లగా పోయాయి కాబట్టి ఆయనకి తెలియలేదు. తెలిసినా ఒప్పుకునే రకం కాదు. ఆయన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి జవాబు చెప్పేవాడు. పక్క నుంచి మాట్లాడితే "ఊఁ" అనేవాడు. ఊఁ అన్నవాడిని చెవిటివాడని ఎవరంటారు? మన దేశంలో మొగుళ్ళు సగంమంది అలాగే బతుకుతున్నారు.

నేను ఆ జీపు ఎక్కిన రోజు చెబుతాను. అప్పటికే ఆయన జీపుకున్న ఎలక్ట్రిక్ హారన్ మార్చి, మార్చింది బాగాలేదని మళ్ళీ మార్చి, దాని మీద కూడా దెబ్బలాటకి వచ్చాడు.

"ఏట్రా నూకరాజూ, మళ్ళీ దొంగ సరుకే అంటగట్టేవు. ఎంత నొక్కినా పలకదు."

నూకరాజు జీపులోకి వంగి నొక్కాడు. షెడ్డు ముందు పడుకున్న కుక్క ఉలిక్కిపడి లేచి వీధి చివరికి పారిపోయింది.

"మోగింది కదా నాయుడు బాబూ!"

"మోగితే నాకు ఇనపడదేటి?"

నూకరాజు నోరు తెరిచాడు. అప్పుడే భర్త వెనక నిలబడ్డ అసిరమ్మ పెదవుల మీద వేలు పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. నూకరాజు నోరు మూసేసుకున్నాడు. ఈ లోపల తవిటినాయుడి కళ్ళు గోడకున్న నా మీద పడ్డాయి. నన్ను దించి బుడ్డి నొక్కాడు. పిడికిట్లోంచి గాలి పోవడం, గొట్టం వణకడం ఆయన చేతికి తెలిసింది. మొహం వెలిగిపోయింది.

"ఇదీ హారనంటే! ఎంత బాగా ఇనపడతందో సూడు!"

ఆయన నన్ను అరచేత్తో విన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని జనం ఒక మాట అంటారు. ఆ శంఖానికి ఎలా ఉంటుందో ఎవరూ అడగరు. నన్ను జీపు కుడి పక్కన, అద్దం చట్రానికి బిగించారు. బుడ్డి ఆయన కుడిచేతికి అందేది. ఆ రోజు నుంచీ రోడ్డు మీద ఎదురొచ్చే ప్రతి బండి కూతా నాకు వినపడేది. నా జాతి గొంతు నాకు తెలియదా? అయితే నాకు బయటికి అరవడమే చేతనవును, లోపలున్న మనిషికి చెప్పడం చేతకాదు.

ఆ పని అసిరమ్మ చేసేది. ఆయన ఎడమ పక్కన కూర్చుని, వెనక నుంచి బండి హారన్ కొడితే భుజం మీద ఒకసారి తట్టేది. లారీయో బస్సో అయితే భుజం గట్టిగా పట్టుకుని నొక్కేది. ఆయన పక్కకి తీసేవాడు. మిల్లులో భుజం తడితే పిలుపని తెలిసిన మనిషికి, జీపులో తడితే మాత్రం అది భార్య భయంలా కనిపించింది. "మా ఆడదానికి బండంటే బయం" అని బజారులో అందరికీ చెప్పేవాడు. అసిరమ్మ ఔనని గానీ కాదని గానీ అనేది కాదు.

మైదానంలో రోడ్డు తిన్నగా ఉంటుంది, కళ్ళతో నెట్టుకు రావచ్చు. అయినా ఆమెకి గుబులు పోలేదు. రెండుసార్లు ఇంట్లో ఆయన చెవుల మాట ఎత్తిందట. మొదటిసారి ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. రెండోసారి తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు. తలుపు అంత గట్టిగా వేశానని కూడా ఆయనకి తెలిసి ఉండదు.

అప్పుడు అసిరమ్మ ఒక ఉపాయం ఆలోచించింది. కార్తీకమాసం వచ్చింది. అరకు కొండల్లో వలిసె పూలు పూసే కాలం. చిన్నప్పటి నుంచీ ఆ పసుపు చేలు చూడాలని ఆమెకి కోరిక. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ జీపులో వంకాయలూ బెండకాయలూ షికారుకి వెళ్ళాయి గానీ వాళ్ళిద్దరూ ఎప్పుడూ వెళ్ళలేదు.

"మావా, ఓపాలి కొండల మీదికెల్దాం. ఆ పూలు సూడాలనుంది" అని ఆయన మొహం చూస్తూ అడిగింది.

ఆయన వెంటనే సరేనన్నాడు. అడగక అడగక అడిగిందని పొంగిపోయాడు కూడా. ఆయన మంచివాడు. అది చెప్పకపోతే నాకు పాపం చుట్టుకుంటుంది.

బయలుదేరే ముందు జీపు కడుగుతూ, నన్ను చింతపండుతో తోముతూ, ఆమె తనలో తాను మాట ఒప్పచెప్పుకుంది. "మావా, నీకు ఇనపడట్లేదు. అది నీ తప్పు కాదు, మిల్లు సేసిన పని. డాక్టరు కాడికెల్దాం, సెవికి మిసనెట్టించుకుందాం. అందాకా బండి తియ్యకు." ఒకసారి మెల్లగా, ఒకసారి కోపంగా, ఒకసారి నవ్వుతూ చెప్పి చూసుకుంది. నవ్వుతూ చెప్పిందే బాగుందనుకున్నట్టుంది, దాన్నే మళ్ళీ అనుకుంది. ఇంట్లో అయితే ఆయన లేచి పోతాడు, కొండ మీద ఎక్కడికి పోతాడు? పూలు చూడడం ఒక కోరిక, ఈ మాట ఆయన చెవిని వేయడం ఇంకో కోరిక. రెండూ కలిపి మూట కట్టుకుని, మినప రొట్టె, వంకాయ పచ్చడి డబ్బాలో పెట్టుకుని జీపెక్కింది.

కాశీపట్నం దాటగానే ఘాట్ రోడ్డు మొదలైంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మధ్యలో పాము మెలికలు. కొండ మలుపు దగ్గర అవతల ఏముందో కళ్ళకి తెలియదు. అక్కడ డ్రైవర్లు చెవులతోనే బండి నడుపుతారు. మలుపుకి ముందు హారన్ కొట్టాలి, అవతలి నుంచి జవాబు వస్తుందేమో వినాలి, వస్తే ఒదగాలి. మా హారన్ల జాతికి ఘాట్ రోడ్డు కచేరీ సావిడిలాంటిది. ఇటు నేను 'పోం' అంటాను, అటు ఎవడో 'పాం' అంటాడు, మాకు మాకు లెక్క సరిపోతుంది. తవిటినాయుడు ప్రతి మలుపులోనూ నన్ను నొక్కేవాడు, ఆ మర్యాద తప్పలేదు. జవాబు మాత్రం ఆయనకి అందేది కాదు.

అసిరమ్మ చెయ్యి ఆయన భుజం మీదే ఉండిపోయింది. తట్టింది, నొక్కింది, వదిలింది, మళ్ళీ తట్టింది. బస్సు దిగుతుంటే నొక్కింది, ఆయన కొండ పక్కకి ఒదిగాడు. కారు వస్తుంటే తట్టింది, ఆయన నెమ్మది చేశాడు. రోడ్డు పక్కన కాఫీ తోటలు, మిరియాల తీగలు, లోయలో మబ్బులు అన్నీ వచ్చాయి, వెళ్ళాయి. ఆమె ఒక్కటీ చూడలేదు. చెవులు రిక్కించుకుని, కళ్ళు సగం మూసుకుని కూర్చుంది. చూడడానికని వచ్చిన మనిషి దారి పొడుగునా వింటూ కూర్చుంది. నాకు ఇప్పటికీ అదే బాధ.

ఆయన మాత్రం హాయిగా ఉన్నాడు.

"సూసేవా, ఎంత నిమ్మళంగా ఉన్నాదో! ఒక్కడూ హారన్ కొట్టట్లేదు" అన్నాడు.

అప్పుడు మా వెనక ఒక వ్యాను అదేపనిగా మొత్తుకుంటోంది. అసిరమ్మ భుజం తట్టింది. ఆయన దారి ఇచ్చి, "అంత బయమైతే ఎలాగే?" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

గాలికొండ దగ్గర జీపు ఆపారు. అక్కడ కొండ అంచున నిలబడితే కిందున్న కొండలన్నీ ఒకదాని వెనక ఒకటి నీలంగా కనిపిస్తాయి. టీ తాగారు, రొట్టె తిన్నారు. అసిరమ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఆయన గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. మిల్లులో ముఖ్యమైన మాట చెప్పాలంటే అలాగే చేసేవారట.

"మావా, ఒక మాట సెప్తాను. కోప్పడకూడదు."

"సెప్పు."

ఆమె ఊపిరి తీసుకుంది. సరిగ్గా అప్పుడే విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక కొత్త జంట ఫోను పట్టుకుని దగ్గరికి వచ్చింది. ఆ కుర్రాడు మర్యాదస్థుడే. "బాబాయ్ గారూ, మా ఇద్దరికీ ఒక ఫోటో తీస్తారా?" అని అడిగాడు. తవిటినాయుడు ఆ పెదవులు చూసి, లేచి, శ్రద్ధగా ఫోటో తీసి ఇచ్చాడు.

"ఈ వయసులో ఘాట్ మీద మీరే నడుపుకుంటూ వచ్చారా? గ్రేట్ బాబాయ్!"

ఆ మాటకి ఆయన మీసం లేచింది. "నాకేటి బాబూ, ఇలాటి కొండలు పది ఎక్కించేత్తాను. ఈవిడకే బయం. మలుపొస్తే సాలు, సిన్నపిల్లలాగ నా బుజం పట్టుకు ఒదల్దు. తడతాది, నొక్కుతాది!" అని ఎలా తడుతుందో ఎలా నొక్కుతుందో ఆ కుర్రాడి భుజం మీద చేసి చూపించాడు.

కుర్రాడు నవ్వుతూ అన్నాడు. "అయితే బండి నడిపేది పిన్నిగారే అన్నమాట!"

అతని భార్య నవ్వింది, టీ కొట్టు మనిషి నవ్వాడు. తవిటినాయుడి నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ కుర్రాడు తెలియక అన్నాడు గానీ బాణం గుండెలోనే దిగింది. ఆయన అసిరమ్మ వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంది, దాని వెనక బెదురు కూడా ఉంది. ఆమె ఆ బెదురే చూసింది. ఇన్ని రోజులుగా నేర్చుకున్న మాట నాలుక చివర ఉంది. నలుగురూ చూస్తున్నారు.

"ఔను బాబూ. నాకే బయం" అంది అసిరమ్మ.

వాళ్ళు వెళ్ళిపోయాక తవిటినాయుడు, "ఏటో సెప్తానన్నావు?" అని అడిగాడు. అడిగాడు, అది నిజం. ఆమె, "ఏటీ లేదు. పూలకాడికెల్దాం" అంది. అక్కడే అయిపోయింది. మాటకి ఒక వేళ ఉంటుంది, అది దాటితే ఎంత మంచి మాటైనా గొంతులోకి తిరిగి పోతుంది.

సుంకరిమెట్ట దాటాక వలిసె చేలు కనిపించాయి. కొండ వాలంతా పసుపు ఆరబోసినట్టుంది. అసిరమ్మ జీపు దిగి గట్టు వెంట చేనులోకి నడిచింది. పూలు ఆమె నడుము దాకా వచ్చాయి. వెనక్కి తిరిగి రమ్మని చెయ్యి ఊపింది. ఆయన ఇంకా మొహం ముడుచుకునే ఉన్నాడు. జీపుకి ఆనుకుని, 'నువ్వు సూసిరా' అన్నట్టు చెయ్యి విసిరాడు. ఆమె ఒక్కతే కాసేపు ఆ పసుపులో నిలబడి, ఒక పువ్వు కూడా తెంపకుండా తిరిగి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో ఆమె ముందు సీటు ఎక్కబోతే ఆయన ఆపాడు.

"ఎనక కూకో. నా బుజం ముట్టుకోకు. నలుగుర్లో నగుబాటు సేసేవు."

"మావా, ఘాటీ దిగిందాకా..."

"ముట్టుకోకన్నాను."

ఆమె వెనక కూర్చుంది. ఎక్కడం కంటే దిగడం కష్టం. ఆమె సీటు అంచున ముందుకి వంగి, ఆయన భుజానికి బెత్తెడు దూరంలో చెయ్యి గాలిలో పెట్టుకుని కూర్చుంది. ఎదురు బండ్లు ఒకటీ అరా వచ్చాయి, ఆయన కళ్ళకి అందేంత దూరంలోనే కనిపించాయి, గండం లేకుండా తప్పుకున్నాయి. డముకు ఊరు దాటాక ఒక ఇరుకు మలుపు వచ్చింది. అవతల నుంచి ఇటుకల లారీ ఎక్కుతోంది. వాడు హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. అది నాకు తెలిసిన గొంతే, బరువు బండి గొంతు. అసిరమ్మ ఆగలేక భుజం పట్టుకుని నొక్కింది. ఆయన విసురుగా భుజం దులిపేశాడు.

ఆ దులపడంలో మేము మలుపు తిరిగాం. లారీ మొహం మా మీదికి వచ్చేసింది. ఆయన కాళ్ళు రెండూ బ్రేకు మీద నిలబడ్డాయి, లారీవాడు కూడా తొక్కాడు. జీపు కుడి పక్క లారీ చెక్కలకి రాసుకుంటూ పోయి ఆగింది. నా నోటి అంచు సొట్టపడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఎడమ చక్రానికీ లోయకీ మధ్య మనిషి పడుకునేంత జాగా కూడా లేదు.

తవిటినాయుడు ఎడమ పక్క నుంచి దిగాడు. భయం దాచుకోవడానికి అరిచాడు. "బుద్దున్నాదేట్రా నీకు? ఘాటీలో హారన్ కొట్టకుండా వస్తావేటి?"

లారీ డ్రైవరు చిన్నవాడు. మొదట తెల్లబోయాడు. "నాను కొట్టలేదేటి? ఆ మలుపు కాణ్ణుంచి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. జీపు వెనక అసిరమ్మ నిలబడి ఉంది. రెండు చేతులూ జోడించింది. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. తల అడ్డంగా ఊపుతోంది. ఆ అబ్బాయి ఆమెని చూశాడు, ముసలాయన్ని చూశాడు, ఆయన చెవుల వైపు ఒకసారి చూశాడు. అతనికి అర్థమైంది.

"తప్పయిపోనాది బాబాయ్. కొట్టలేదు" అన్నాడు.

తవిటినాయుడు గెలిచాడు. భార్య వైపు తిరిగి, "ఇన్నావా? ఆడే ఒప్పుకున్నాడు" అన్నాడు. ఆమె చేతులు అప్పటికే కిందికి దించేసింది.

"ఔను మావా" అంది.

ఆమెని అలా ఏడుస్తూ చూసి ఆయన మనసు కరిగింది. "బాగా బయపడిపోనావు. రా, ముందుకొచ్చి కూకో. బుజం పట్టుకుంటే పట్టుకోలే" అన్నాడు. ఆమె ముందు కూర్చుంది. చెయ్యి మళ్ళీ భుజం మీదికి వచ్చింది. కొండ దిగేదాకా తట్టింది, నొక్కింది. ఆయన మధ్య మధ్యలో, "ఏటీ అవదులే, నానున్నాను కదా" అని ధైర్యం చెబుతూ వచ్చాడు. ఆ లారీ అబ్బాయి చెప్పిన అబద్ధం లాంటి దయ గల అబద్ధం నేను వినలేదు. అంత చెరుపు చేసిన అబద్ధం కూడా వినలేదు.

ఆ తరవాత ఆమె ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. కొండలకి పోదామనీ అనలేదు. ఆయనే ఒకసారి అడిగితే, "సూసేను కదా, సాలు" అంది. బజారుకి వెళ్ళడం, రావడం, భుజం మీద చెయ్యి, అంతా మామూలే. నూకరాజు నా సొట్ట తీశాడు గానీ గొంతు కాస్త బొంగురుపోయింది. తవిటినాయుడు మాత్రం నా కూత ముందుకంటే బాగుందనేవాడు.

ఒక వానాకాలం ఆ చుట్టుపక్కల విషజ్వరాలు వచ్చాయి. అసిరమ్మ మంచం పట్టింది. ఆసుపత్రికి జీపులోనే తీసుకెళ్ళాడు. వెనక సీట్లో దుప్పటి కప్పుకుని పడుకుంది, ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు తెరవలేకపోతోంది. వెనక నుంచి బస్సు హారన్ వేసింది. ఆమె లేవలేదు గానీ చెయ్యి మాత్రం లేచింది. తడుముకుంటూ వచ్చి ఆయన భుజం పట్టుకుని నొక్కింది. ఆయన పక్కకి తీశాడు. ఆ చేతిని నిమిరి, "బయపడకే అసిరీ. ఏటీ అవదు. నానున్నాను కదా" అన్నాడు. ఆమె ఇంటికి తిరిగి రాలేదు.

ఆమె పోయాక ఆయన బజారు వ్యాపారం మానేశాడు. ఎప్పుడైనా జీపు తీసేవాడు. తీసిన ప్రతిసారీ ఎవరో ఒకరు పక్క నుంచి దూసుకుపోతూ తిట్టేవారు. "మనుషులు మారిపోయేరు. ఈమధ్య ఎవడూ హారన్ కొట్టట్లేదు" అని ఇంటికొచ్చి ఖాళీ ఇంట్లో చెప్పేవాడట. నిజంగా అలాగే అనుకున్నాడు. మనిషి తనని తాను మోసం చేసుకోవడానికి పెద్ద తెలివితేటలేమీ అక్కర్లేదు, పక్కన సాయం పట్టేవాళ్ళు ఇన్నేళ్ళు ఉంటే చాలు.

మళ్ళీ కార్తీకం వచ్చింది. ఒక ఉదయం ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, ఆమె ఫోటో ముందు నిలబడ్డాడట. ఆ రోజు చేనులోకి రమ్మని చెయ్యి ఊపితే వెళ్ళలేదు కదా, ఇప్పుడు వెళ్ళి ఆ పూలలో నిలబడి వస్తానని చెప్పాడట. పక్కింటావిడ వద్దంటున్నా వినకుండా జీపు తీశాడు. దారిలో ఎడమ చేత్తో పక్క సీటు ఒకటి రెండు సార్లు తడిమాడు.

ఘాట్ ఎక్కాం. నాలుగైదు మలుపులు అదృష్టం కాపాడింది. తరవాత పై నుంచి బస్సు దిగుతోంది. ఆ కూత నేను విన్నాను. ఎంత దగ్గరికి వచ్చిందో విన్నాను. ఆయన నన్ను నొక్కాడు, నేను నా బొంగురు గొంతుతో ఎంత చేతనయితే అంత అరిచాను. ఆ పక్క నుంచి జవాబు మీద జవాబు వస్తోంది. ఆయన దర్జాగా రోడ్డు మధ్యలోకి మలుపు తిరిగాడు.

బస్సు డ్రైవరు నేర్పరి కాబట్టి లోయ అంచుకి తీసి ఆపాడు. మా జీపు కొండ పక్క కాలువలోకి దిగి ఒరిగింది. డ్రైవరు దూకి వచ్చాడు.

"ఏం పెద్దాయనా, సావాలని బయల్దేరేవా? ఎన్నిసార్లు కొట్టాలి హారను?"

తవిటినాయుడు జీపు దిగి, అలవాటు కొద్దీ, "కొట్టలేదు. నువ్వు హారన్ కొట్టలేదు" అన్నాడు.

బస్సు కిటికీలన్నిటిలోంచీ తలలు బయటికి వచ్చాయి. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లనెత్తుకున్న తల్లి, అందరూ ఒక్కటే మాట అరుస్తున్నారు. ఆ అరుపు ఆయనకి వినపడలేదు. పెదవులు కనిపించాయి. మిల్లులో నేర్చుకున్న విద్య ఆయన్ని మోసం చెయ్యలేదు. ప్రతి నోరూ ఒకేలా కదులుతోంది. కొట్టాడు, కొట్టాడు, కొట్టాడు.

ఆయన మెల్లగా జీపు వైపు తిరిగాడు. 'నువ్వు సెప్పవే' అనడానికి నోరు తెరిచాడు. ఎడమ సీటు ఖాళీగా ఉంది. కుడిచెయ్యి తనంతట తనే లేచి ఎడమ భుజం మీదికి వెళ్ళింది. తట్టి చూసుకున్నాడు. నొక్కి చూసుకున్నాడు. ఎంతసేపు అలా నిలబడ్డాడో, బస్సులో జనం ఒక్కొక్కరే అరవడం మానేశారు.

"అయితే ఆ ఇటికల లారీ కూడా కొట్టే ఉంటాది" అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

డ్రైవరుకి ఏమీ అర్థం కాలేదు. "ఏటి పెద్దాయనా?" అని దగ్గరికి వచ్చాడు.

తవిటినాయుడు అతని మొహంలోకి చూశాడు. కళ్ళు తుడుచుకోలేదు.

"నాకు ఇనపడదు బాబూ. సానా ఏళ్ళయి ఇనపడదు. ఇన్నాళ్ళూ మా ఆడది ఇనేది" అన్నాడు.

అంత పొగరుబోతు మనిషి, అంత జనం ముందు, ఏ బలవంతమూ లేకుండా ఆ మాట అన్నాడు. అసిరమ్మ ఈ ఒక్క మాట కోసమే కొండ ఎక్కింది. బస్సు నిండా జనం విన్నారు, డ్రైవరు విన్నాడు, కాలువలో ఒరిగిపోయిన జీపు మీద నుంచి నేను విన్నాను. వినవలసిన మనిషి మాత్రం లేదు.